ఇరవయ్యేడేళ్ళ ఖాళీ

కాలువ గట్టుకి గండి పడితే పేపర్లో వేస్తారు. పడకపోతే వెయ్యరు. ఇందులో పేపరువాళ్ళ తప్పేమీ లేదు. కానీ ప్రభుత్వం వారు కూడా అదే పద్ధతిలోకి దిగితే ఎలా ఉంటుందో చింతలంక కాలువ మీద లస్కరు దానియేలుకి యాభై మూడో ఏట తెలిసొచ్చింది.

లస్కరంటే కాలువ గట్టుకి కాపలా మనిషి. ఆరో మైలు నుంచి పదకొండో మైలు దాకా గట్టు దానియేలుది. అంటే పట్టా ఉందని కాదు, దాని తరఫున తిట్లు తినే హక్కు ఉందని. తెల్లారగానే పార భుజాన వేసుకుని బయల్దేరేవాడు. ఎక్కడైనా పీత తవ్విన బొక్క కనిపిస్తే మడమతో ఒక్కసారి నొక్కి, లోపల ఎంత దూరం పోయిందో చెప్పేసేవాడు. రేగడి మట్టి ముద్ద చేసి కూరి, పైన గడ్డి పెళ్ళ అతికించి, రెండు తొక్కులు తొక్కి ముందుకి సాగేవాడు. ఇలా ఇరవయ్యేడేళ్ళు. ఆ అయిదు మైళ్ళలో గండి అన్న మాట లేదు.

ఇరవయ్యేడేళ్ళూ ఆయన టెంపరరీయే. ఆయన్ని పనిలోకి తీసుకున్న ఇంజినీరు రిటైరయ్యాడు, ఆ ఇంజినీరు కూర్చున్న కుర్చీ విరిగి వేలానికి పోయింది, దానియేలు మాత్రం ఇంకా తాత్కాలికమే. గట్టు కింద డిపార్టుమెంటు వారి లస్కరు పాకలోనే కాపురం. ఉద్యోగం పోతే పాక కూడా పోతుంది. ఈ సంగతి భార్య మార్తమ్మ వానాకాలంలో రోజుకొకసారి, ఎండాకాలంలో రెండుసార్లు గుర్తుచేసేది.

అలాంటి రోజుల్లో సర్క్యులరు వచ్చింది. డివిజన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు భానుమూర్తి గారు కళ్ళజోడు సవరించుకుని చదివి వినిపించారు.

"ఇందుమూలముగా తాత్కాలిక లస్కర్లు యావన్మందికీ తెలియజేయడమేమనగా, పదకొండు మందిలో అయిదుగురిని శాశ్వత ప్రాతిపదికన నియమించుటకు ప్రభుత్వము వారు సంకల్పించి యున్నారు. ఎంపిక సీనియారిటీ వంటి కాలం చెల్లిన కొలబద్దలతో కాక, అభ్యర్థి సమర్పించు రెజ్యూమె ఆధారముగా 'సామర్థ్య దర్పణం' అను కంప్యూటరు యంత్రాంగము ద్వారా జరుగును. ఎంపిక కాని వారి సేవలు కృతజ్ఞతాపూర్వకముగా ముగించబడును."

"కృతజ్ఞతాపూర్వకంగా అంటే ఏంటండి?" అన్నాడు దానియేలు.

"దండేసి పంపిస్తారని."

"దండ మాట అలా ఉంచండి. పంపడం ఖాయమేనాండి?"

"ఆరుగుర్ని ఖాయం. అందులో నువ్వుండకూడదనే నా కోరిక. రెజ్యూమె అంటే తెలుసా?"

"బయోడేటా లాంటిదేనాండి?"

"అదే. బయోడేటాలో ఉన్నది రాస్తారు. ఇందులో కాస్త శ్రద్ధ తీసుకుంటారు."

శ్రద్ధ ఎలా తీసుకోవాలో నేర్పడానికి హైదరాబాదు నుంచి ప్రణీత్ గారని ఒక నిపుణుడు దిగాడు. పాతికేళ్ళవాడు. నున్నటి బూట్లు. మీటింగు హాల్లో పదకొండు మంది లస్కర్లనీ కుర్చీల్లో కూర్చోబెట్టారు. వాళ్ళలో తొమ్మిదిమంది ఆ హాల్లో కుర్చీలు తుడిచారు గానీ కూర్చోవడం అదే మొదలు.

"ఫ్రెండ్స్, రెజ్యూమె మూడు రకాలు," అన్నాడు ప్రణీత్ గారు. "ఏ ఏడు ఏం చేశారో వరసగా చెప్పేది కాలక్రమ నమూనా. మీకు ఏమేం వచ్చో చెప్పేది నైపుణ్య నమూనా. రెండూ కలిపితే మిశ్రమ నమూనా. మీ జీవితం ఎలా గడిచిందన్నది ముఖ్యం కాదు. ఏ నమూనాలో పెట్టారన్నదే ముఖ్యం. చూసేవాడు మీ కాగితం మీద ఆరు సెకన్లే పెడతాడు."

"ఇరవయ్యేడేళ్ళకి ఆరు సెకన్లాండి?" అన్నాడు దానియేలు వెనక వరసలోంచి.

"అందుకే మీరు చేసిన పని రాయకూడదు. సాధించింది రాయాలి. అంకెల్లో రాయాలి. ఏదీ, మీరు ఏం సాధించారో ఒక్కటి చెప్పండి."

దానియేలు లేచి నిలబడి, తలపాగా తీసి చేతిలో పట్టుకుని ఆలోచించాడు. "నా అయిదు మైళ్ళలో గండి పడలేదండి."

"అది సాధన కాదండీ. అది ఏమీ జరక్కపోవడం."

అధ్యక్ష స్థానంలో ఉన్న డివిజన్ పెద్ద ఇంజినీరు, ఈఈ హయగ్రీవాచారి గారు గొంతు సవరించుకున్నారు. "జరగని విషయమునకు ప్రభుత్వము బాధ్యత వహింపజాలదు, దానియేలూ. అదే సూత్రముననుసరించి ఘనత కూడా వహింపజాలదు. కూర్చో."

దానియేలు కూర్చున్నాడు. కుర్చీ మెత్తగానే ఉంది గానీ ఆయనకి మాత్రం ముళ్ళమీద కూర్చున్నట్టుంది.

మర్నాడు భానుమూర్తి గారు కంప్యూటరు ముందు కూర్చుని ఆయన తరఫున ఫారం నింపడం మొదలుపెట్టారు. ముందు కాలక్రమ నమూనా. చేరిన సంవత్సరం కొట్టారు. ఆ తర్వాత జరిగిన ముఖ్య ఘట్టములు అని అడిగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏమీ కొట్టకుండా ముందుకి నొక్కితే యంత్రం ఎర్రక్షరాల్లో అరిచింది: 'ఇరవై ఏడు సంవత్సరముల ఖాళీ గుర్తించబడినది. కారణము ఎంచుకొనుము: ఉన్నత విద్య, అనారోగ్యము, ప్రసూతి, కారాగారము.'

"ప్రసూతి కాదు కదా?" అన్నారు భానుమూర్తి గారు.

"ఊరుకోండి సార్, పరాచికాలు."

"పోనీ జైలని పెడదామా? కనీసం విడుదల సర్టిఫికెట్ అయినా ఉంటుంది."

నైపుణ్య నమూనాకి వెళ్ళారు. మడమతో నొక్కితే గట్టు లోపల నీరు ఊరుతోందో లేదో తెలుస్తుందని రాశారు. 'ఇట్టి నైపుణ్యమును ధ్రువీకరించిన సంస్థ పేరు?' అంది యంత్రం. మిశ్రమ నమూనా పెడితే ఖాళీ ఒకటి, సంస్థ ఒకటి, రెండూ అడిగింది. చివరికి అన్ని నమూనాల్లోనూ తప్పించుకోవడానికి వీల్లేని గడి ఒకటి వచ్చింది: 'ఎదుర్కొన్న విపత్తుల సంఖ్య.' భానుమూర్తి గారు సున్న కొట్టారు. 'సున్న చెల్లదు' అంది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అదే మాట. నాలుగోసారి కొట్టేసరికి, అభ్యర్థికి విపత్తుల పట్ల ఆసక్తి లేనట్టు నమోదు చేసుకుని దానంతట అదే ముందుకి పోయింది.

పది రోజులకి తాత్కాలిక జాబితా గోడకి అంటించారు. మొదటి ర్యాంకు బుచ్చిబాబుది.

బుచ్చిబాబు ఒకటో మైలు నుంచి ఆరో మైలు దాకా లస్కరు. దానియేలుకి వరసకి బావమరిది. మనిషి మంచివాడే. కాకపోతే మధ్యాహ్నం భోజనం తర్వాత లాకు వంతెన కింద ఒక కునుకు, సాయంత్రం టీ తర్వాత ఇంకో కునుకు, ఈ రెంటికీ మధ్య గట్టు మీద నడవడానికి ఆయనకి వీలు చిక్కేది కాదు. అందుచేత ఆయన హయాంలో గట్టు నాలుగుసార్లు తెగింది. ఇప్పుడా నాలుగు గండ్లూ నాలుగు పతకాలయ్యాయి. ఆయన రెజ్యూమె రంగుల్లో మూడు పేజీలు. 'నాలుగు భారీ విపత్తులను ముందుండి ఎదుర్కొంటిని. రెండువేల మూడువందల ఇసుక బస్తాలు వేయించితిని. మూడు గ్రామములను ఖాళీ చేయించితిని.' పక్కన పేపరు కటింగులు. ప్రతి ఫోటోలోనూ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి బుచ్చిబాబు దూరంగా ఎటో చూస్తున్నాడు.

దానియేలు పేరు పదకొండోది. పదకొండు మందిలో.

"దిద్దుబాట్లకి పది రోజులు గడువిచ్చారు బావా," అన్నాడు బుచ్చిబాబు, పాపం, నిజంగా బాధపడుతూనే. "ఒక్క గండి చాలు. పెద్దదక్కర్లా. ఫోటోలో కనపడితే చాలు."

ఆ పది రోజుల్లో చింతలంక డివిజన్లో గండ్ల పంట పండింది. వాన చుక్క లేదు, కాలువలో నీరు మామూలుగానే ఉంది, గట్లు మాత్రం టపటపా తెగాయి. ఒక లస్కరైతే అత్యుత్సాహంతో ఒకేరోజు రెండు నమోదు చేశాడు. పై ఆఫీసు నుంచి అభినందన పత్రం వచ్చింది: 'స్వల్ప వ్యవధిలో మీ డివిజన్ కనబరిచిన విపత్తు ప్రగతి హర్షణీయము.' పనిలో పనిగా ఇకమీదట ఇంజినీర్ల ప్రమోషన్లకి కూడా ఇదే ఫారమని తెలియజేశారు.

దాంతో ఈఈ గారి కింది ఇంజినీరు, డీఈ రఘుపతిరాజు గారు జీపేసుకుని స్వయంగా ఎనిమిదో మైలుకి వచ్చారు. గట్టు మీద అటూ ఇటూ పచార్లు చేశారు. బూటు కాలితో తన్ని చూశారు. బూటుకే నొప్పి పుట్టింది.

"దానియేలూ, నా రెజ్యూమెలో ఆరు నుంచి పదకొండు దాకా తెల్లగా ఉందయ్యా. సున్నం కొట్టినట్టు."

"మన్నించాలండి."

"నేను చెయ్యమని చెప్పట్లేదు. చెయ్యొద్దనీ చెప్పట్లేదు. ప్రకృతి సహకరించదలిస్తే నువ్వు అడ్డుపడొద్దంటున్నాను. నీ ఉద్యోగం, నీ పాక, అన్నీ ఆలోచించుకో. నేనసలు ఇక్కడికి రాలేదు." జీపెక్కి వెళ్ళిపోయారు.

ఆ సంగతి విని మార్తమ్మ అన్నం గిన్నె ఠపీమని కింద పెట్టింది. "ఒక్క బొక్క చూసీ చూడనట్టు వదిలెయ్యలేవా? దేవుడంతటివాడు ఆరు రోజులు పనిచేసి ఏడోరోజు మానేశాడు. నువ్వు ఇరవయ్యేడేళ్ళు మానలేదు. ఏం బావుకున్నావ్? రేపు ఈ పాక ఖాళీ చేసి ఏ చెట్టు కిందకి పోదాం చెప్పు!"

దానియేలు కంచం ముందునుంచి లేచిపోయాడు. గడువు ఆఖరి రోజు పొద్దున్నే పార తీసుకుని తిన్నగా ఎనిమిదో మైలుకి పోయాడు. సన్నగా ఎక్కడ తవ్వితే గట్టు తొందరగా జారుతుందో ఆయనకంటే ఎరిగినవాళ్ళు జిల్లాలో లేరు. కళ్ళు మూసుకుని, ప్రభువా క్షమించు అనుకుని, ఒక్క పార వేశాడు.

"ఏం దానియేలూ, బొక్క పడిందా?" అని కింద చేలోంచి కేక. సూరమ్మ. గట్టు కింద రెండెకరాలు ఆవిడవే. మొగుడు పోయినకాడ నుంచి ఆ రెండెకరాలే ఆవిడకి మొగుడూ పిల్లలూనూ. "గట్టిగా కూరు నాయనా! నిన్ననే ఊడ్చాం. ఇంకా నారు కుదురుకోలా."

దానియేలు పార ఆపాడు. సిగ్గుతో మొహం జేవురించింది. "ఆయ్, కూరుతున్నానండి," అన్నాడు. తవ్విన మట్టి తవ్వినట్టే తిరిగి వేసి, ఇంకో రెండు ముద్దలు ఎక్కువేసి, రోజూ కంటే నాలుగు తొక్కులు ఎక్కువ తొక్కాడు. ఇంటికొచ్చి మార్తమ్మతో "నావల్ల కాలేదే" అన్నాడు. ఆవిడ తిట్టడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, గంజి పోసి ఇచ్చింది.

తుది జాబితా వచ్చింది. పదకొండోవాడు పదకొండోవాడే. దండ మాత్రం నిజంగానే వేశారు. బంతిపూల దండ, ఒక కృతజ్ఞతా పత్రం, నెల రోజుల్లో పాక ఖాళీ చెయ్యమని నోటీసు, మూడూ ఒకే పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. ఆరు నుంచి పదకొండు మైళ్ళు కూడా అనుభవజ్ఞుడైన బుచ్చిబాబుకే అప్పగించారు.

కొత్తగా పర్మినెంటైన బుచ్చిబాబుకి కునుకులు కూడా పర్మినెంటయ్యాయి. పంతొమ్మిదో రోజు పొద్దున ఎనిమిదో మైలు తెగింది.

దానియేలు కేకలు విని పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి అక్కడ తిరనాళ్ళలా ఉంది. నాలుగు జీపులు. గొడుగులు. ఫోటోగ్రాఫరు. ఈఈ గారు, డీఈ గారు, బుచ్చిబాబు వరసగా ప్యాంట్లు మడుచుకుని నీళ్ళలో దిగి దూరంగా చూడటం సాధన చేస్తున్నారు. ప్రణీత్ గారు టేపు పట్టుకుని గండి వెడల్పు కొలుస్తున్నాడు. కాలువ నీళ్ళు హోరుమని సూరమ్మ చేలోకి దూకుతున్నాయి. ఆవిడ గట్టు మీద కూలబడి నెత్తి కొట్టుకుంటోంది.

"చూస్తారేంటండీ, బస్తాలేవి?" అని అరిచాడు దానియేలు.

"ఆగవయ్యా," అన్నారు డీఈ గారు. "ఎనిమిదిన్నర మీటర్లే వచ్చింది. పది దాటితే భారీ విపత్తు కిందకి వస్తుంది. ఇంకో పావుగంట."

దానియేలు జన్మలో ఆఫీసరు మాట కాదనలేదు. ఆవేళ అన్నాడు. అనడమేమిటి, ప్రణీత్ గారి చేతిలో టేపు లాగి కాలువలోకి విసిరేశాడు. రైతుల్ని పేరు పేరునా పిలిచాడు. సరుగుడు కర్రలు తెప్పించి వరసగా పాతించాడు. తాటిదుంగ అడ్డం వేయించి, ఛాతీ లోతు నీళ్ళలో తను నిలబడి, ఒక్కో బస్తా ఎక్కడ పడాలో కేకవేసి చెప్పాడు. మధ్యాహ్నానికి గండి పూడింది. పైకొచ్చి చూస్తే సూరమ్మ చేను సగం ఇసక మేట. దానియేలు గట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తను కాసిన గట్టు తెగడం అదే మొదటిసారి మరి.

ఆఫీసులో మాత్రం పండగ. అందరి ఖాతాల్లోనూ ఆ విపత్తు జమ కావాలంటే ఒక్క గడి నింపాలి: 'గండికి కారణము.' ఈఈ గారు వెనక నిలబడి చెబుతుంటే భానుమూర్తి గారు కొడుతున్నారు.

"అతివృష్టి అని నమోదు చేయుము."

'ఆ తేదీన వర్షపాతము సున్న. చెల్లదు.'

"ఎలుకలు."

'ఎలుక ఛాయాచిత్రము జతపరచుము.'

"దైవ సంకల్పము."

'ధ్రువీకరించు అధికారి హోదా తెలుపుము.'

ఈఈ గారికి చెమటలు పట్టాయి. సాయంత్రం అయిదుకి గడువు. నాలుగూ యాభై ఎనిమిదయింది. భానుమూర్తి గారికి రిటైర్మెంటు మూడు నెలల్లో ఉంది. ఆ వయసులో మనిషికి ఒక్కోసారి ధైర్యం వస్తుంది. ఎవర్నీ అడక్కుండా 'లస్కరు దానియేలును తొలగించుట' అని కొట్టారు.

యంత్రం కాసేపు ఆలోచించింది. 'కారణము సంతృప్తికరము. ధన్యవాదములు' అంది.

అంతటితో ఊరుకుంటే బాగానే ఉండును. విపత్తు పక్కన దానియేలు పేరు కనిపించేసరికి యంత్రం ఆయన ఖాతాలో కూడా ఒకటి వేసేసింది. తొలగింపులు ఎన్ని? ఒకటి. గండ్లు ఎన్ని? ఒకటి. నూటికి నూరు శాతం! అంత కచ్చితమైన ఫలితం ఇచ్చిన అభ్యర్థి ఆ యంత్రం పుట్టాక లేడు. ఇరవయ్యేడేళ్ళ ఖాళీని సన్నాహక కాలంగా మార్చుకుని, మొదటి ర్యాంకు దానియేలుకిచ్చింది. యంత్రం ఇచ్చాక కాదనడానికి ఏ నిబంధనా లేదు. ప్రణీత్ గారు కూడా దీన్ని నాలుగో నమూనాగా ప్రకటించి, దానిమీద ఉపన్యాసాలిచ్చుకోవడానికి హైదరాబాదు వెళ్ళిపోయాడు.

ఆర్డరు చేతికొచ్చింది. దానియేలు పర్మినెంటు. పాక ఆయనదే. మార్తమ్మ పైట కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కానీ భానుమూర్తి గారు రెండో పేజీ తిప్పారు.

"నీకొక షరతు పెట్టారయ్యా. విను. 'అభ్యర్థి సామర్థ్యము ఆయన గైర్హాజరీలో మాత్రమే వెల్లడియగుచున్నందున, అట్టి సామర్థ్యమును నిలబెట్టుకొను నిమిత్తము, ప్రతి వరద కాలమున ఇరవై రోజులు నిర్బంధ సెలవు మంజూరు చేయడమైనది. సదరు కాలమున ఆయన ఎట్టి విధులనూ నిర్వర్తించరాదు.'"

"అంటే ఏటా నన్ను పంపించి గండి పడేలా చూస్తారాండి?"

"చూస్తారు."

దానియేలు ఆర్డరు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

మరుసటి ఏడు గోదారికి వరద ఎర్రనీరు దిగింది. ఆ మర్నాటి నుంచే సెలవన్నారు. మొదటి రోజు తెల్లారకముందే దానియేలు లేచి తలపాగా చుట్టుకున్నాడు.

"సెలవంటగా, ఎక్కడికి?" అంది మార్తమ్మ.

"షికారుకి."

"షికారుకి పారెందుకు?"

"పెద్ద పెద్ద ఆఫీసర్లు షికారుకి చేతికర్ర పట్టుకెళ్ళరా? నాకు ఇదే అలవాటు."

అలా ఇరవై రోజులూ షికారు చేశాడు. ఆరో మైలు నుంచి పదకొండో మైలు దాకా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. బొక్క కనిపిస్తే వేడుకగా కూరాడు. సరదాకి తొక్కాడు. డీఈ గారు నాలుగుసార్లు కెమెరాతో వచ్చి గట్టువంక చూసి ఉసూరుమంటూ పోయారు. కాలువ నిండుగా పారింది గానీ చుక్క నీరు బయటికి రాలేదు.

ఇరవై ఒకటో రోజు డ్యూటీలో చేరగానే మెమో చేతిలో పెట్టారు. దాన్ని జేబులో వేసుకుని ఎనిమిదో మైలుకి పోయాడు. సూరమ్మ చేను పచ్చగా పిలకలేసి ఉంది. గట్టు వారన పీత మళ్ళీ కొత్త బొక్క తవ్వింది. దానియేలు మోకాళ్ళమీద కూర్చుని చెయ్యి పెట్టి చూస్తుంటే, ఆవిడ కొడవలి పట్టుకుని గట్టెక్కింది.

"జేబులో అదేంటి నాయనా, సీలూ గీలూ వేసుంది?"

"మెమో అండి. నేను లేనప్పుడు గండి ఎందుకు పడలేదో మూడ్రోజుల్లో సంజాయిషీ చెప్పమన్నారు."

సూరమ్మ నోరు వెళ్ళబెట్టి, తర్వాత బుగ్గలు నొక్కుకుని, ఆపైన అందుకుంది. "ఆళ్ళ మొహాలు మండ! ఆళ్ళ కంప్యూటర్లు కాలవలో కలవ! ఇంకా దాన్ని జేబులో పెట్టుకు తిరుగుతున్నావా? తియ్యి. ఉండచుట్టి ఆ బొక్కలో కుక్కెయ్యి!"

దానియేలు మెమో తీశాడు. ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. వేళ్ళతో నలిపి మందం కూడా చూశాడు. బొక్కలోకి ఒకసారి తొంగి చూశాడు.

"వద్దులెండి సూరమ్మ గారూ," అన్నాడు దాన్ని మళ్ళీ జేబులో పెట్టుకుంటూ. "నాల్రోజుల్లో నానిపోద్ది, గట్టు పాడైపోద్ది. ఆ మట్టి ముద్ద ఇలా అందియ్యండి."